మంగళ, శుక్రవారాల్లో నాణేలు అమ్మబడవు

నవంబర్ 4, 2020. బుధవారం. మాగ్డెబర్గ్.

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, విక్రాంత్ అనే నేను ఈ రోజు నుంచి నాణేలు అమ్ముతాను. డైరీ కూడా రాస్తాను. రెండోది మొదటిదానికి సాక్ష్యం.

నేపథ్యం: నా లాప్‌టాప్ నిన్న పోయింది. ముందు తెర మీద ఒక నిలువు గీత వచ్చింది. మధ్యాహ్నానికి పది గీతలు. సాయంత్రానికి కటిక చీకటి. వయసు ఆరేళ్ళు, కాబట్టి అకాల మరణం అనడానికి లేదు. నేను గిన్నెలు కడిగే రెస్టారెంటు మొన్న సోమవారం నుంచి లాక్‌డౌన్‌లో మూత. జనవరి చివర్లో ఆన్‌లైన్ పరీక్షలు. కెమెరా ఉన్న లాప్‌టాప్ లేకపోతే కూర్చోనివ్వరు. సెకండ్ హ్యాండ్‌ది నాలుగు వందల యాభై యూరోలట.

నాన్నని అడగను. నా చదువు కోసం ఇల్లు బ్యాంకులో పెట్టిన మనిషి ఆయన. ఎయిర్‌పోర్టులో "ఇంక మిమ్మల్ని పైసా అడగను నాన్నా" అని గట్టిగా అనేశాను. చుట్టుపక్కల ట్రాలీలవాళ్ళు కూడా విన్నారు. వెనక్కి తీసుకోవడం కష్టం.

మిగిలింది తాతయ్య డబ్బా!

తాతయ్య అంటే అమ్మ వాళ్ళ నాన్న, జనార్దనరావు గారు. మండపేట పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. జులైలో పోయారు. ఆయన పోగుచేసిన నాణేలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. "విక్రాంత్ గాడికివ్వండి" అన్నారట. అమ్మ ఆ మాట నిలబెట్టి, డబ్బాని అఖిల్ చేత పంపించింది. అఖిల్ నా రూమ్మేటు. మార్చిలో వాళ్ళక్క పెళ్ళికని కరీంనగర్ వెళ్ళి, విమానాలు ఆగిపోయి, అక్టోబర్‌లో తేలాడు.

"మూడు కిలోల చిల్లర మోస్కొచ్చిన నీ కోసం. దాని బరువుకి మా అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు తీసి ఇంట్లనే వెట్టొచ్చిన. యాది పెట్టుకో" అంటాడు రోజుకొకసారి. అన్నం ముందు కూర్చున్నప్పుడు రెండుసార్లు.

ప్రతిజ్ఞ: క్రిస్మస్‌లోపు డబ్బా ఖాళీ, ఒళ్ళో లాప్‌టాప్.

నవంబర్ 5, గురువారం.

సరుకు పరిశీలన. చిల్లు కాణీలు ఉన్నాయి. చదరంగా ఉండే ఐదు పైసలు, పువ్వులా అంచులున్న పది పైసలు, తామరపువ్వున్న ఇత్తడి ఇరవై పైసలు ఉన్నాయి.

అసలు నిధి వేరే ఉంది. సగం డబ్బా తూర్పు జర్మనీ నాణేలు! తాతయ్యకి కలం స్నేహితుడొకాయన ఉండేవాడు, హోర్స్ట్ అని. ఈ మాగ్డెబర్గ్ వాడే. పాతికేళ్ళపాటు ఉత్తరాలు రాసుకున్నారు. ప్రతి ఉత్తరంలోనూ కాగితానికి అంటించి ఒక నాణెం పంపేవాడు. నాకు ఈ యూనివర్సిటీలో సీటొచ్చిందని చెబితే, ఊరి పేరు తప్పు లేకుండా పలికింది మా వంశంలో తాతయ్య ఒక్కరే.

ఆలోచించండి. ఆ దేశం ఇప్పుడు లేదు! లేని దేశం నాణేలు! ఎంత అరుదై ఉండాలి!

యూట్యూబ్‌లో ధరలు చూశాను. తామరపువ్వు ఇరవై పైసలకి లక్షన్నర అని ఒకాయన బల్ల గుద్ది చెప్పాడు. నా దగ్గర ఏడున్నాయి. లాప్‌టాప్ సంగతి పక్కనపెట్టి కారు రంగుల గురించి ఆలోచిస్తున్నాను.

అఖిల్: "ముందు సీటు నాది. తొక్కు త్యాగం చేసిన."

నవంబర్ 6, శుక్రవారం.

ఊళ్ళో నాణేల వ్యాపారి ఉన్నాడు, హెర్ (అంటే శ్రీ) లిండ్నర్. ఫోన్ చేశాను. కరోనా వల్ల ఒకసారికి ఒక్కరినే రానిస్తాడట. టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకునే రావాలి. మంగళవారం, శుక్రవారం మాత్రమే తీస్తాడు. మంగళవారానికి టెర్మిన్ దొరికింది! జర్మనీలో నాలుగు రోజుల్లో టెర్మిన్ దొరకడమే ఒక శుభశకునం.

నవంబర్ 8, ఆదివారం.

కాకినాడకి వీడియో కాల్. అమ్మకి శుభవార్త చెప్పాను.

"మంగళవారమా? మంగళవారం లక్ష్మిని గడప దాటిస్తార్రా ఎవరైనా?"

"సరేలే, శుక్రవారానికి మార్చుకుంటా."

ఆ తర్వాత వినిపించిన "శుక్రవారమా!" అన్న కేక మా కింది అంతస్తు దాకా వెళ్ళింది.

"అమ్మా, ఆయన ఆ రెండు రోజులే తీస్తాడు."

"అదేం కొట్టురా? లక్ష్మి బయటికెళ్ళే రోజులు చూసి మరీ తీస్తున్నాడు!"

జర్మన్ వ్యాపార పద్ధతుల మీద ఇంత లోతైన విమర్శ నేను ఎక్కడా చదవలేదు. టెర్మిన్ రద్దు చేశాను. ఫోన్ పెట్టేసేముందు అమ్మ, "డబ్బా ఒకసారి చూపించరా" అంది. చూపించాను. ఒక్కొక్కటీ కెమెరా దగ్గర పెట్టమంది. పెట్టాను. గంట పట్టింది.

నవంబర్ 11, బుధవారం.

ఆధునిక మార్గం ఎంచుకున్నాను. అఖిల్ లాప్‌టాప్‌లోంచి (షరతు: వారం రోజులు గిన్నెలు నావి) పాత సామాన్ల సైటులో ప్రకటన పెట్టాను. చిల్లు కాణీలు, పన్నెండు. ధర 116 యూరోలు.

రాత్రికి ఒకాయన రాశాడు. "116 ఎందుకు? 100 కానీ 120 కానీ ఎందుకు కాదు?"

నూట పదహార్ల మహత్యాన్ని నాకొచ్చిన జర్మన్‌లో మూడు పేరాలు వివరించాను. ఇంతవరకు జవాబు లేదు.

నవంబర్ 13, శుక్రవారం.

మెట్ల మీద ఫ్రౌ (అంటే శ్రీమతి) క్రూగర్ కనిపించారు. కింద వాటాలో ఉంటారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఈ బిల్డింగ్‌లో చెత్త తప్పు డబ్బాలో వేసిన వాళ్ళని అడుగుల చప్పుడుతో గుర్తుపట్టగలరు. మాస్కుతో, ఆరడుగుల దూరంలో నిలబడి నా అరుదైన నాణెం ఒకటి చూపించాను.

కళ్ళజోడు సవరించుకుని చూశారు. మాస్కు వెనక నవ్వు మొదలైంది.

"అయ్యో హెర్ విక్రాంత్! నేను రోజూ రొట్టె కొనుక్కున్నవే ఇవి. వీటిని మేం అల్యూమినియం చిప్స్ అనేవాళ్ళం. ఉండండి."

సెల్లార్‌లోకి వెళ్ళి దోసకాయ ఊరగాయ సీసా ఒకటి తెచ్చారు. నిండా అవే. "తీసుకోండి. ఈ లాక్‌డౌన్‌లో సెల్లార్ సర్దుతున్నాను. మీలాంటి అభిరుచి ఉన్న కుర్రాడి దగ్గరుంటే నాకూ సంతోషం."

వద్దనబోయాను. సరిగ్గా అప్పుడే చేతిలో ఫోన్ మోగింది. అమ్మ! పరిస్థితి తెలుగులో గుసగుసగా చెప్పాను.

"శుక్రవారం పూట ఇంటికొచ్చిన లక్ష్మిని వద్దంటావా? రెండు చేతులతో తీసుకుని, ఆవిడకి నమస్కారం పెట్టు."

పెట్టాను. ఆవిడ కూడా పెట్టారు.

రాత్రి లెక్క: మూడు కిలోల డబ్బా అమ్మడానికి బయల్దేరినవాడి దగ్గర ఇప్పుడు నాలుగున్నర కిలోలున్నాయి.

నవంబర్ 14, శనివారం.

దీపావళి. అమావాస్య. వ్యాపారానికి సెలవు. అఖిల్ బాల్కనీలో నాలుగు దీపాలు పెట్టాడు. "కారు ఎప్పుడొస్తదిరా?" అనడిగాడు. బాల్కనీలోనే వదిలేసి తలుపేసుకున్నాను.

నవంబర్ 20, శుక్రవారం.

ఫ్రౌ క్రూగర్ బిల్డింగంతా చెప్పినట్టున్నారు. పైవాటాలో భారతీయ విద్యార్థి మన పాత నాణేలు ఏరుకుంటున్నాడు, పాపం అని.

తలుపు దగ్గర: జామ్ సీసా ఒకటి. చాక్లెట్ డబ్బా ఒకటి. ఒక పిల్లల మేజోడు, నిండా చిల్లర, మూతికి రిబ్బన్.

ఊరంతా ఇళ్ళల్లో కూర్చుని సెల్లార్లు సర్దుకుంటోంది. అది కూడా సరిగ్గా శుక్రవారాలే సర్దుకుంటోంది.

నవంబర్ 24, మంగళవారం.

అమ్మకి చెప్పకుండా లిండ్నర్ దగ్గరికెళ్ళాను. విలువ కట్టించడం వేరు, గడప దాటించడం వేరు. ధర్మశాస్త్రంలో ఈ తేడా ఎక్కడో ఉండే ఉంటుంది.

లిండ్నర్ చాలా మర్యాదస్తుడు. నా లేని దేశపు నిధిని చూసి చూపుడువేలుతో తలుపు పక్కనున్న బకెట్ చూపించాడు. నిండా అవే! పిల్లలొస్తే గుప్పెడు ఊరికే ఇస్తాడట. కాకినాడ నుంచి సముద్రపు నీళ్ళు సీసాలో మోసుకెళ్ళి విశాఖపట్నంలో అమ్మబోయినవాడి మొహం ఎలా ఉంటుందో, నాది అలా ఉంది.

మన నాణేలన్నీ కలిపి డెబ్భై యూరోలన్నాడు. తామరపువ్వులు కూడా అందులోనే. (కారు: రద్దు.)

అప్పుడు డబ్బా అడుగున కాగితం మడతలోంచి ఒకటి తీశాడు. భూతద్దం పెట్టాడు. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. పది మార్కుల వెండి నాణెమట. పెద్దగా వాడకంలోకి రానిదట, గీత కూడా పడలేదట. దానికి మూడు వందల ఎనభై ఇస్తానన్నాడు.

డెబ్భై, మూడు వందల ఎనభై. నాలుగు వందల యాభై! లాప్‌టాప్! సరిగ్గా!

చెయ్యి చాచబోయాను. గోడ మీద క్యాలెండరు. మంగళవారం అని లావు అక్షరాలు. చెయ్యి దానంతటదే వెనక్కొచ్చింది. ఇంజనీరింగ్ చదివిన చెయ్యి!

"బుధవారం రావచ్చా?" అన్నాను.

"బుధవారం మూసి ఉంటుంది" అన్నాడు. ఎందుకని అడిగాడు. చెప్పాను. నవ్వలేదు. తలూపాడు. వాళ్ళ నానమ్మ కొత్త ఏడాది ముందు బట్టలు ఉతికి ఆరేసేది కాదట. నా కోసం ఒక బుధవారం తీస్తానన్నాడు. ఇలాంటి మనిషికి ఎవరైనా ఓటెయ్యాలి.

నవంబర్ 27, శుక్రవారం.

ఇంకో రెండు సీసాలు. మొత్తం తొమ్మిది కిలోలు. తూకం వేసింది అఖిల్, సూట్‌కేసు తూచే కొక్కెంతో. అంకె నా వైపు తిప్పి చూపించిన తీరులోనే, తొక్కు గురించి అనుకుంటున్నాడని తెలుస్తూ ఉంది.

డిసెంబర్ 2, బుధవారం.

అమ్మతో ముహూర్త చర్చలు. బుధవారం పర్లేదంది. అయితే కార్తీకమాసం వెళ్ళనివ్వమంది. అష్టమి వద్దంది. నవమి అసలొద్దంది. పైగా రాహుకాలం.

"ఏ రాహుకాలం? కాకినాడదా, మాగ్డెబర్గ్‌దా?"

అమ్మ పంచాంగం అటూ ఇటూ తిరగేసింది. తర్వాత "నువ్వుండేది ఎక్కడైతే అక్కడిదే" అని తీర్పిచ్చింది.

లెక్క కట్టాను. పగటిని ఎనిమిది భాగాలు చెయ్యాలి. ఇక్కడ పగలే ఎనిమిది గంటలకి తక్కువ. అంటే రాహుకాలం గంట కూడా లేదు! మన దగ్గర గంటన్నర పనిచేసే రాహువు ఇక్కడ పార్ట్‌టైమ్ మినీ జాబ్ చేస్తున్నాడు.

అన్నీ తీసేస్తే డిసెంబర్ 16, బుధవారం, పొద్దున్న పది తేలింది. లిండ్నర్ సరేనన్నాడు. అమ్మ కూడా సరేనంది. తర్వాత, "ఆ కాగితం మడతలోది ఒకసారి చూపించరా" అంది. చూపించాను. కొంచెం వెలుతురులో పెట్టమంది. పెట్టాను. నెట్‌వర్క్ ఆగిపోయింది అనుకున్నాను. ఆగలేదు. అమ్మే కదలకుండా ఉంది.

డిసెంబర్ 10, గురువారం.

ఇంకా ఆరు రోజులు. కొనబోయే లాప్‌టాప్ పెట్టడానికి బల్ల ఖాళీ చేశాను. ఖాళీలో సీసాలు పెట్టాను. తాత్కాలికంగా.

డిసెంబర్ 13, ఆదివారం.

టీవీలో ప్రకటన: కరోనా బాగా పెరిగింది కాబట్టి కొట్లన్నీ మూసేస్తారు. ఎప్పటి నుంచి?

డిసెంబర్ 16, బుధవారం నుంచి.

బాల్కనీలోకెళ్ళి ఊపిరి పీల్చుకుని లోపలికొచ్చాను. మళ్ళీ వెళ్ళాను.

లిండ్నర్ ఫోన్ చేశాడు. "రేపు గానీ ఎల్లుండి గానీ రండి. ఆ తర్వాత ఎప్పుడు తీస్తానో నాకే తెలీదు."

రేపు సోమవారం, అమావాస్య. పైగా సూర్యగ్రహణం. ఎక్కడో దక్షిణ అమెరికాలో కనిపిస్తుందట, అయినా అమ్మకి తెలిసిపోతుంది. ఎల్లుండి మంగళవారం.

నిర్ణయం: మంగళవారమైనా సరే, వెళ్తున్నాను. లక్ష్మికి తర్వాత నచ్చజెప్పుకుంటాను. పరీక్ష నాది కదా, ఆవిడది కాదు.

డిసెంబర్ 14, సోమవారం.

హైదరాబాద్‌లో ఉన్న వైశాలి అక్కకి ఫోన్ చేసి చెప్పాను. "అమ్మకి చెప్పకు. వారం వర్జ్యం అంటూ నెల పైగా నన్ను తిప్పుతోంది."

అక్క చాలాసేపు నవ్వింది.

"ఒరేయ్, నా పెళ్ళికి అమ్మ తన గాజులు మార్పించింది గుర్తుందా? ఏ వారం అనుకున్నావు? శుక్రవారం! కొట్టువాడే 'అమ్మా, ఇవాళ శుక్రవారం' అంటే, 'బంగారం ధర తగ్గింది, నువ్వు తూకం వెయ్యి' అంది."

"మరి నాకెందుకు..."

"ఆ వెండిది ఎక్కడిదో తెలుసా నీకు? అమ్మ పుట్టిందని తాతయ్య రాస్తే ఆ జర్మనీ ఆయన పంపాడు. ఏటా పుట్టినరోజుకి తాతయ్య దాన్ని అమ్మ అరచేతిలో పెట్టి, మళ్ళీ తీసి దాచేవారు. పెళ్ళయ్యాక కూడా."

"నాకు చెప్పచ్చు కదా!"

"ఏమని చెప్తుంది? తాతయ్య డబ్బా నీకివ్వమన్నారు. నీకేమో లాప్‌టాప్ లేదు. నాన్నని అడగనంటావు. వద్దని ఏ నోటితో అంటుంది? ఆయన పోయినప్పుడు మండపేటకి దారి మూసేస్తే ఆవిడ ఫోన్‌లోనే చూసుకుంది. ఇప్పుడు ఇది కూడా ఫోన్‌లోనే చూసుకుంటోంది. నువ్వు తెలివైనవాడివనుకున్నాను, తమ్ముడూ."

నేనూ అలాగే అనుకున్నాను.

డిసెంబర్ 15, మంగళవారం.

లిండ్నర్ దగ్గరికి వెళ్ళలేదు. కారణాలు: 1. వాన. 2. చలి. 3. ట్రామ్‌లో జనం. 4. ఎడమకాలి బూటు లేసు.

అఖిల్: "వాన యాడుందిరా?"

"పడచ్చు."

వాడు నా మొహం చూశాడు. టీ పెట్టాడు. సాయంత్రం వచ్చి, "పార్సెల్ గోడౌన్ల మా సూపర్‌వైజర్ మనుషుల కోసం పిచ్చోని లెక్క తిరుగుతుండు. దుకాన్లు బంద్ అయితే ఊరంతా ఆన్‌లైన్లనే కొంటరు కదా. పొద్దుగాల ఆరింటికి షిఫ్ట్. వస్తవా?" అన్నాడు.

"లాప్‌టాప్?"

"ఆరు వారాలు డబ్బాలు మోస్తే నీదే. మోసుడు అలవాటు చేస్కో. నేను జేస్కోలే?"

డిసెంబర్ 19, శనివారం.

ఒళ్ళు హూనం. ఆరోగ్యకరమైన విషయం ఏంటంటే, ఇరవై కిలోల పార్సెళ్ళు మోస్తుంటే బల్ల మీద సీసాలు దూదిలా అనిపిస్తున్నాయి.

డిసెంబర్ 24, గురువారం.

అమ్మ తనే ఫోన్ చేసింది. మామూలుగా ఇది నా షిఫ్ట్ టైము, ఆ సంగతి ఆవిడకి తెలీదు. ఇవాళ తొందరగా వదిలేశారు.

"నాన్నా, ఇవాళ గురువారం. దశమి. రాహుకాలం కూడా వెళ్ళిపోయింది. చాలా మంచిరోజు. వెళ్ళి అమ్మేసుకో."

లిండ్నర్ కొట్టు పదహారు నుంచే మూతని ఆవిడకి ఇంకా చెప్పలేదు.

"వెండిది కూడా అమ్మెయ్. వస్తువుదేముంది? పరీక్ష ముఖ్యం. నేను పంచాంగం రెండుసార్లు చూసే చెబుతున్నాను. ఇంక దేనికీ అడ్డు చెప్పను."

ఆ గొంతు నాకు తెలుసు. పండక్కి అందరికీ వడ్డించేసి, తనకి బూరెలంటే ఇష్టం లేదని చెప్పే గొంతు.

"ఇవాళ కుదరదమ్మా. ఇక్కడ క్రిస్మస్ ముందురోజు. మధ్యాహ్నానికే ఊరంతా మూత."

"అయితే రేపు?"

"రేపు శుక్రవారం కదమ్మా!"



"అవునురోయ్, శుక్రవారం. మరి శనివారం?"

"రెండో క్రిస్మస్. ఇక్కడ దానికీ సెలవే."

"ఆదివారం?"

"ఆదివారం చప్పుడు చెయ్యకూడదని ఇక్కడ రూలు. చిల్లర లెక్కపెడితే కింద ఫ్రౌ క్రూగర్ కంప్లైంట్ ఇస్తారు."

"ఆవిడ ఇస్తుందా? నీకు సీసాలిచ్చిన ఆవిడ?"

"చాలా కఠినాత్మురాలమ్మా. లోపల ఏముందో ఎవరికీ తెలీదు."

అప్పుడు నవ్వింది. జులై తర్వాత అమ్మ అలా నవ్వగా నేను వినలేదు. నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది.

"మీ దేశంలో వర్జ్యాలు మనకంటే ఎక్కువున్నాయే!"

"మరేమనుకున్నావు? లాప్‌టాప్ సంగతి చూసుకున్నాను. పనిలో చేరాను. నువ్వు దాని గురించి పంచాంగం చూడక్కర్లేదు."

ఏ పని, ఏం తింటున్నావు, మాస్కు పెట్టుకుంటున్నావా అని ఇరవై ప్రశ్నలేసింది. మంగళవారాల గురించి నేను అడగలేదు. గాజుల గురించీ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

జనవరి 4, 2021. సోమవారం.

ఇందుమూలముగా యావన్మందికీ మళ్ళీ తెలియజేయునది ఏమనగా, కొత్త సంవత్సరం, కొత్త ప్రతిజ్ఞ. తాతయ్య డబ్బా ఈ ప్రతిజ్ఞలోకి రాదు. అది కిటికీ పక్క అల్మారాలో ఉంది. కాగితం మడతలోది పొట్లం కట్టి వేరే పెట్టాను. విమానాలు మామూలుగా తిరగడం మొదలవగానే దాన్ని నేనే తీసుకెళ్తాను. అమ్మ పుట్టినరోజు ఆగస్టులో. ఈసారి కెమెరా వెలుతురు గొడవ ఉండదు.

అమ్మవలసిన సరుకు: బిల్డింగ్‌వాళ్ళిచ్చిన సీసాలు, డబ్బాలు, మేజోడు. పదకొండు కిలోలు. (క్రిస్మస్ కానుకలుగా ఐదు కిలోలు కలిశాయి.)

కొత్త వ్యూహం అమోఘం. ఇవి మాగ్డెబర్గ్‌లో బకెట్ సరుకు. ఇండియాలో? ఫారిన్ నాణేలు! లేని దేశానివి! వైశాలి అక్క హైదరాబాద్ ఏజెంటు. అరుగు మీద కూర్చుని డబ్బా తెరిచి, చుట్టూ పదిమందిని పోగేసుకునే తాతయ్యలు మన వైపు ఇంకా ఉండకపోరు. ఒక్కొక్కటి నూట పదహారు రూపాయలు. ఈ ధర ఎందుకని అక్కడెవరూ అడగరు.

అఖిల్: "పదకొండు కిలోలు ఇండియాకి ఎవడు మోస్తడు?"

వాడి వైపు చూశాను. ప్రేమగా.

"చంపుత" అన్నాడు.

రవాణా సంగతి తర్వాత. ముందు కడిగి, ఏరి, ఫొటోలు తియ్యాలి. ఉగాదిలోపు బల్ల ఖాళీ. ఈసారి ఖాయం. రేపటి నుంచే మొదలు.

రేపు మంగళవారం.

ఎల్లుండి. ఎల్లుండి మా రాష్ట్రంలో సెలవు, ముగ్గురు రాజుల పండగట.

గురువారం నుంచి.